మెట్రో మ్యాప్ మీద గ్రాఫ్ రీరైటింగ్: రూల్ రాయడం ఎలా, అది అమీర్‌పేట దగ్గర మొరాయిస్తే ఏం చేయాలి

గ్రాఫ్ అంటే కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు; అందులో ఒక ముక్కను రూల్ ప్రకారం తీసి ఇంకో ముక్క పెట్టడమే గ్రాఫ్ రీరైటింగ్. అది నేర్చుకుందామని ఏ పుస్తకం తెరిచినా మొదటి పేజీల్లోనే కేటగిరీ థియరీ, అంటే అన్నిటినీ బాణాలతో చెప్పే గణితం, ఎదురొస్తుంది. నాలుగు బాణాలతో ఒక చదరం, దాన్ని ఆనుకుని ఇంకో చదరం, అక్కడితో చాలామంది పుస్తకం మూసేస్తారు. నేనూ మూసేశాను, రెండుసార్లు. మూడోసారి పుస్తకం పక్కన పడేసి, హైదరాబాద్ మెట్రో మ్యాప్ ముందు పెట్టుకుని, కాగితం మీద ఒక రూల్ రాసి, దాన్ని చేత్తో నడిపి చూశాక గానీ ఆ చదరాలు ఏం చెబుతున్నాయో బుర్రకెక్కలేదు. ఇక్కడా అదే దారి పడదాం. ముందు మ్యాప్, తర్వాత రూల్, బాణాలు ఆఖర్న.

ఒక మాట ముందే చెప్పేస్తాను. గ్రాఫ్‌లో కొత్తవి చేర్చడం ఎవరికైనా వస్తుంది. తీసేయడమే తలనొప్పి. మనం చూడబోయే పద్ధతి, పుస్తకాల్లో ఆల్జీబ్రా పద్ధతి అనేది, అంతా ఈ తీసేయడం చుట్టూనే తిరుగుతుంది.

మ్యాప్‌ను గ్రాఫ్ చేసుకోవడం

స్టేషన్ అంటే నోడ్, పక్కపక్క స్టేషన్ల మధ్య పట్టాలు అంటే ఎడ్జ్. రెడ్ లైన్‌లో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా 27 స్టేషన్లు, బ్లూ లైన్‌లో నాగోల్ నుంచి రాయదుర్గం దాకా 23, గ్రీన్ లైన్‌లో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 9. కూడితే 59 వస్తుంది గానీ అమీర్‌పేట, ఎంజీబీఎస్ రెండేసి లైన్లలో లెక్కకొచ్చాయి. బ్లూ లైన్ పరేడ్ గ్రౌండ్, గ్రీన్ లైన్ జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ నిజానికి వేర్వేరు స్టేషన్లే అయినా ప్రస్తుతానికి రెండూ ఒకటే అనుకుందాం. అప్పుడు 56 నోడ్లు. పక్కపక్క జతలు 26, 22, 8, కలిపితే ఇవీ 56. రైలు రెండు వైపులా నడుస్తుంది కాబట్టి జతకు రెండేసి బాణాలు, మొత్తం 112 ఎడ్జ్‌లు. ఈ అంకెలు ఒక మూల రాసి పెట్టుకోండి, రూల్ తప్పు చేసినప్పుడు పట్టించేవి ఇవే.

మనం చేయబోయే పని ఇది: లైన్ మారే స్టేషన్లు, లైన్ అయిపోయే స్టేషన్లు మాత్రం ఉంచి, ఊరికే మధ్యలో తగిలే స్టేషన్లన్నీ ఎత్తేయాలి. పంజగుట్టను ఎత్తేస్తే అమీర్‌పేట నుంచి ఎర్రమంజిల్‌కు నేరుగా ఎడ్జ్ పడాలి. ప్రోగ్రామ్ రాసి లూప్ తిప్పొచ్చు, నిజమే. కానీ మనకు కావాల్సింది ఒకే ఒక్క రూల్, ఎక్కడ వీలైతే అక్కడ, ఇక వీల్లేదు అనేదాకా నడిచే రూల్.

రూల్ అంటే మూడు గ్రాఫులు

రెండు కాదు, మూడు. కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే తప్పటడుగు వేస్తారు. "ఇది ఉంటే అది పెట్టు" అని ఎడమ గ్రాఫ్, కుడి గ్రాఫ్ రాసేసి ఊరుకుంటారు. మధ్యలో ఇంకో గ్రాఫ్ ఉండాలి, పుస్తకాల్లో దాన్ని కె అంటారు, నేను ఉమ్మడి గ్రాఫ్ అంటాను. మార్పుకు ముందూ తర్వాతా చెక్కుచెదరకుండా ఉండాల్సింది అందులో ఉంటుంది. ఎడమలో ఉండి ఉమ్మడిలో లేనిది పోతుంది, కుడిలో ఉండి ఉమ్మడిలో లేనిది కొత్తగా వస్తుంది. ఆల్టరేషన్ షాపులో చొక్కా ఇస్తే టైలర్ ముందు సుద్దతో గీత గీస్తాడు చూడండి, చేయి విప్పినా కొత్త చేయి కుట్టినా ఆ గీత దగ్గరే. ఉమ్మడి గ్రాఫ్ ఆ సుద్దగీత.

నా మొదటి రూల్ ఇలా ఉండేది. ఎడమలో మూడు నోడ్లు: ముందు, నడుమ, తర్వాత. ముందు నుంచి నడుమకు ఒక బాణం, నడుమ నుంచి తర్వాతకు ఒక బాణం. ఉమ్మడిలో ముందు, తర్వాత అనే రెండు నోడ్లు మాత్రమే, బాణాలు లేవు. కుడిలో ఆ రెండు నోడ్లు, వాటి మధ్య నేరుగా ఒక బాణం. చూడ్డానికి ముచ్చటగా ఉంది కదా? నా రూమ్మేట్ కూడా చూసి "పక్కా నడుస్తది రా" అన్నాడు.

నడిచింది, సరిగ్గా నాలుగు సార్లు. 56 నోడ్లు 52 అయ్యాయి, ఆగిపోయింది. ఏ స్టేషన్లు పోయాయా అని చూస్తే మియాపూర్, ఎల్బీ నగర్, నాగోల్, రాయదుర్గం. అంటే నేను ఉంచమన్న చివరి స్టేషన్లే పోయాయి, తీసేయమన్న పంజగుట్టను ముట్టుకోలేదు. పైగా జేఎన్‌టీయూ కాలేజ్, విక్టోరియా మెమోరియల్, ఉప్పల్, హైటెక్ సిటీ నోడ్ల మీద తనలోంచి తనకే పోయే ఒక్కో లూప్ ఎడ్జ్ కొత్తగా మొలిచింది. ఒక సాయంత్రమంతా కోడ్‌లో తప్పు వెతికాను. కోడ్ సరిగ్గానే ఉంది, తప్పంతా రూల్‌లో.

రూల్‌ను ఎక్కడ వాడొచ్చు: రెండు షరతులు

ఎడమ గ్రాఫ్‌ను పెద్ద గ్రాఫ్‌లో ఒక చోట పోల్చుకోవడాన్ని మ్యాచ్ అంటారు. మ్యాచ్ దొరికినంత మాత్రాన రూల్ వాడేయకూడదు, రెండు విషయాలు చూడాలి.

మొదటిది వేలాడే ఎడ్జ్ షరతు. తీసేయబోయే నోడ్‌కు రూల్‌లో రాయని ఎడ్జ్ ఏదైనా తగిలి ఉందా? ఉంటే నోడ్ పోయాక ఆ ఎడ్జ్ ఒక కొస గాలిలో వేలాడుతుంది, అది ఇక గ్రాఫే కాదు. పంజగుట్ట దగ్గర నా రూల్ చూసింది రెండు బాణాలు, అమీర్‌పేట నుంచి వచ్చేది, ఎర్రమంజిల్‌కు పోయేది. తిరుగు దిశలో ఇంకో రెండు బాణాలు ఉన్నాయి, వాటి ఊసు రూల్‌లో లేదు. అందుకే కుదరదంది. మధ్య స్టేషన్లన్నింటి దగ్గరా ఇదే కథ.

మియాపూర్ ఎందుకు పోయిందంటే, మ్యాచ్‌లో ముందు, తర్వాత అనే రెండు నోడ్లూ వేర్వేరుగా ఉండాలని నేను చెప్పలేదు. రెండూ జేఎన్‌టీయూ కాలేజ్ మీదే పడ్డాయి: అక్కడి నుంచి మియాపూర్‌కు ఒక బాణం, మియాపూర్ నుంచి అక్కడికే ఒక బాణం. మియాపూర్‌కు వేరే ఎడ్జ్‌లు లేవు, వేలాడేది ఏదీ లేదు, రూల్ హాయిగా నడిచి జేఎన్‌టీయూ నుంచి జేఎన్‌టీయూకే ఎడ్జ్ వేసింది.

రెండోది ఐడెంటిఫికేషన్ షరతు. ఎడమలోని రెండు వస్తువులు పెద్ద గ్రాఫ్‌లో ఒకే వస్తువు మీద పడొచ్చు, కానీ ఆ రెండూ ఉమ్మడిలో ఉన్నవే అయి ఉండాలి. ఒకటి పోయేది, ఒకటి ఉండేది అయితే ఏం చేయాలి? అదే నోడ్‌ను తీసేయాలా, ఉంచాలా? జవాబు లేదు కాబట్టి మ్యాచ్‌ను కొట్టేస్తాం. నాలుగు సార్లు నడిచాక నా రూల్ ఆగింది కూడా ఈ షరతుల వల్లే. జేఎన్‌టీయూ లూప్‌ను వాడుకుందామంటే ముందు, నడుమ రెండూ ఒకే నోడ్ మీద పడతాయి, ఒకటి ఉండాలి, ఒకటి పోవాలి. వాడకపోతే లూపే వేలాడుతుంది.

ఈ రెండింటినీ కలిపి గ్లూయింగ్ కండిషన్ అంటారు. రూల్ పనిచేయకపోతే ముందు దీన్నే అనుమానించండి.

సరిచేసిన రూల్

ఎడమలో అవే మూడు నోడ్లు, కానీ రెండు దిక్కులా బాణాలు, మొత్తం నాలుగు. ఉమ్మడిలో రెండు నోడ్లు. కుడిలో రెండు నోడ్లు, వాటి మధ్య రెండు బాణాలు. మ్యాచ్‌లో వేర్వేరు నోడ్లు వేర్వేరు చోట్లే పడాలన్న నియమం కూడా పెట్టేయండి, దీన్ని ఇంజెక్టివ్ మ్యాచ్ అంటారు. మొదట్లో ఎప్పుడూ ఇంజెక్టివ్‌తోనే మొదలుపెట్టడం నయం, అవసరం వచ్చినప్పుడు సడలించుకోవచ్చు.

చేత్తో నడిపి చూద్దాం. మ్యాప్‌లోంచి ఒక ముక్క కత్తిరించండి: ఎస్సార్ నగర్, అమీర్‌పేట, పంజగుట్ట, ఎర్రమంజిల్, ఇటు మధురానగర్, అటు బేగంపేట. 6 నోడ్లు, 5 జతలు, 10 ఎడ్జ్‌లు. నడుమ నోడ్‌ను పంజగుట్ట మీద పెట్టండి. షరతులు సరిపోయాయి. ఇప్పుడు పంజగుట్టనూ దాని నాలుగు బాణాలనూ చెరిపేయండి. మిగిలిన గ్రాఫ్‌లో 5 నోడ్లు, 6 ఎడ్జ్‌లు. అమీర్‌పేట, ఎర్రమంజిల్ ఉమ్మడివి కాబట్టి అలాగే ఉన్నాయి, ప్రస్తుతానికి వాటి మధ్య దారి లేదంతే. ఇప్పుడు కుడి గ్రాఫ్‌ను తెచ్చి ఆ రెండు నోడ్ల దగ్గర అతికించండి, రెండు బాణాలు పడతాయి. 5 నోడ్లు, 8 ఎడ్జ్‌లు.

లెక్క సరిచూసుకోవడానికి చిన్న కిటుకు: పాత సంఖ్యలోంచి రూల్ తీసేసేవి తీసి, చేర్చేవి కలిపితే కొత్త సంఖ్య రావాలి. ఎడ్జ్‌లు 10 లోంచి 4 తీసి 2 కలిపితే 8. షరతులు పాటించినంత కాలం ఈ లెక్క తప్పదు. తప్పిందంటే మీ కోడ్ ఎక్కడో చెప్పకుండా ఎడ్జ్‌లు మింగుతోందని అర్థం.

ఇప్పుడు ఆ చదరాలు

పైన చేసిన పనే రెండు చదరాలు. ఎడమ గ్రాఫ్‌నూ, చెరిపేశాక మిగిలిన గ్రాఫ్‌నూ ఉమ్మడి భాగం వెంట అతికిస్తే మొదటి పెద్ద గ్రాఫ్ తిరిగి రావాలి, అది ఒక చదరం. కుడి గ్రాఫ్‌నూ అదే మిగిలిన గ్రాఫ్‌నూ ఉమ్మడి వెంట అతికిస్తే కొత్త గ్రాఫ్, అది రెండో చదరం. ఇలా ఉమ్మడి భాగం వెంట అతికించడాన్నే పుష్‌ఔట్ అంటారు. రెండు అతుకులు కాబట్టి డబుల్ పుష్‌ఔట్, పొట్టిగా డీపీఓ.

తమాషా ఏంటంటే తీసేయడానికి ఇక్కడ వేరే పద్ధతంటూ లేదు. దేనికి ఎడమ గ్రాఫ్‌ను అతికిస్తే నా మొదటి గ్రాఫ్ వస్తుందో అది కావాలి అంటున్నాం, అంటే అతికించడాన్ని వెనక్కి నడుపుతున్నాం. వేలాడే ఎడ్జ్ ఉంటే అలాంటి గ్రాఫ్ అసలు ఉండదు. ఉమ్మడి గ్రాఫ్ ఎడమలో రెండు నోడ్లు ఒకటైపోకుండా ఇమిడితే, ఉన్నది ఒక్కటే ఉంటుంది. గ్లూయింగ్ కండిషన్ ఎవరో పైనుంచి పెట్టిన నిబంధన కాదు, మొదటి చదరం పూర్తవ్వాలంటే కావాల్సిన షరతే అది. ఇది అర్థమయ్యాక నాకు పుస్తకంలో మిగతా పేజీల మీద భయం పోయింది. హార్ట్‌ముట్ ఎరిగ్, మైకేల్ ఫెండర్, హాన్స్-యూర్గెన్ ష్నైడర్ 1973లో దీన్ని ఇలా రాసిపెట్టారు. 2004లో లాక్, సొబొచిన్‌స్కీ అడ్హీసివ్ కేటగిరీలు అని చెప్పి, అతుకులు ఒక పద్ధతిలో కుదిరే చోటల్లా, గ్రాఫులే కానక్కర్లేదు, ఈ సిద్ధాంతం చాలావరకు పనిచేస్తుందని చూపించారు. మొదట్లో దాని జోలికి పోనక్కర్లేదు.

అమీర్‌పేట దగ్గర ఏమవుతుంది

నడుమ నోడ్‌ను అమీర్‌పేట మీద పెట్టండి, ఒక పక్క ఎస్సార్ నగర్, ఇంకో పక్క పంజగుట్ట. మధురానగర్, బేగంపేట వైపు నాలుగు బాణాలు వేలాడతాయి. డీపీఓ ఒప్పుకోదు. మనకు కావాల్సిందీ అదే! లైన్ మారే స్టేషన్‌ను తీయొద్దని మనం ఎక్కడా రాయలేదు, వేలాడే ఎడ్జ్ షరతే కాపలా కాసింది.

అందరికీ ఈ చాదస్తం నచ్చదు. సింగిల్ పుష్‌ఔట్, అంటే ఎస్పీఓ అని ఇంకో పద్ధతి ఉంది, మైకేల్ లోవె 1993లో దాన్ని వివరంగా తీర్చిదిద్దారు. అక్కడ వేలాడే ఎడ్జ్‌లను రూల్ తానే తుడిచేస్తుంది, ఒకే వస్తువును ఉంచాలా తీయాలా అన్న పేచీ వస్తే తీయడమే గెలుస్తుంది. మన ఆరు స్టేషన్ల ముక్కలో అమీర్‌పేట మీద ఎస్పీఓ నడిపితే 10 ఎడ్జ్‌లలో రూల్ తీసేవి 4, వేలాడి పోయేవి 4, వచ్చేవి 2, మిగిలేవి 4. మధురానగర్, బేగంపేట ఏ పట్టాలూ లేకుండా ఒంటరిగా మిగులుతాయి. రాయదుర్గం వైపు ఆఫీసులకు పోయేవాళ్ల గతి ఇక చెప్పక్కర్లేదు.

ఏది వాడాలంటే, నా లెక్కలో డేటా పోతే కొంప మునిగే చోట డీపీఓ. యూజర్ అకౌంట్ తీసేస్తే దానికున్న లింకులన్నీ పోవాల్సిందే అనుకునే చోట ఎస్పీఓ. ఎస్పీఓ వాడుతూ కూడా ఏయే ఎడ్జ్‌లు వేలాడి పోయాయో లాగ్‌లో రాయించుకోండి, ఒకరోజు మీకే దండం పెట్టుకుంటారు.

మొత్తం మ్యాప్ మీద

56 నోడ్ల మీద సరిచేసిన రూల్‌కు ఇంజెక్టివ్ మ్యాచ్‌లు 122. అమీర్‌పేటకు నాలుగు పక్కలు కాబట్టి అక్కడే 12, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్‌ల దగ్గర ఆరేసి, మిగతా 49 మధ్య స్టేషన్ల దగ్గర రెండేసి. లైన్ మారే చోట్ల దొరికినవి 24, అవి షరతు దగ్గర పోతాయి. ఒప్పుకున్న 98లో కూడా ముందు, తర్వాత అటూ ఇటూ మారడం వల్ల ఒకే ఫలితం రెండుసార్లు లెక్కకొచ్చింది, నిజంగా వేరైనవి 49. ఈ రెట్టింపు చూసి బగ్ అనుకోకండి, రూల్ తనే అద్దంలో చూసుకున్నట్టు సమంగా ఉంది, అంతే.

ప్రతిసారీ ఒక నోడ్ తగ్గుతుంది కాబట్టి రూల్ ఎప్పటికీ నడుస్తూ ఉండిపోదు. 49 అడుగుల్లో ఆగుతుంది. మిగిలేవి 7 నోడ్లు: నాలుగు చివరి స్టేషన్లు, మూడు మారే స్టేషన్లు. జతలు కూడా 7.

ఏ వరసలో తీసినా ఇదే వస్తుందా? పంజగుట్ట, తార్నాక లాంటి దూరపు జత అయితే గొడవే లేదు, ఒకటి తీసేసేదాన్ని ఇంకొకటి ముట్టుకోదు, ఏది ముందైనా ఒకటే. పక్కపక్కనున్న పంజగుట్ట, ఎర్రమంజిల్ దగ్గరే చూసుకోవాలి. పంజగుట్టను తీస్తే ఎర్రమంజిల్‌కు పక్క నోడ్ మారిపోతుంది, అంటే ఎర్రమంజిల్ కోసం వెతికి పెట్టుకున్న మ్యాచ్ చెల్లదు. కానీ కొత్త మ్యాచ్ దొరుకుతుంది, ఏ వరసలో పోయినా అమీర్‌పేట, ఖైరతాబాద్ నేరుగా కలుస్తాయి. ఇలా గొడవపడే చిన్న చిన్న జతలన్నీ ఏరి చూడడాన్ని క్రిటికల్ పెయిర్ విశ్లేషణ అంటారు. ఒక హెచ్చరిక: మామూలు టర్మ్ రీరైటింగ్‌లో, అంటే గ్రాఫులకు బదులు x + 0 లాంటి రాతలను రూల్స్‌తో మార్చే చోట, జతలన్నీ మళ్లీ కలిస్తే చాలు, గ్రాఫుల్లో చాలదు, రెండు దారుల్లోనూ చెక్కుచెదరని నోడ్లు చివర్లో ఒకదానికొకటి సరిపోలాలి కూడా. డెట్లెఫ్ ప్లంప్ ఈ తేడా చూపించారు. అంతకన్నా చేదు నిజం, ఏ రూల్ సెట్ ఇచ్చినా ఆగుతుందో లేదో తేల్చి చెప్పే అల్గారిథమ్ లేనే లేదు. కాబట్టి ప్రతి అడుగుకూ తగ్గేది ఏదో ఒకటి మీరే వెతుక్కోవాలి.

ఇంకొన్ని చోట్ల తగిలేవి

ఎడ్జ్‌లను మాత్రమే తీసే రూల్‌కు వేలాడే బాధ ఉండదు. మన రోడ్ల మీద సిగ్నల్ దగ్గర కుడివైపు మలుపు మూసేసి ముందుకెళ్లి యూ-టర్న్ తీసుకోమంటారు కదా, అది చక్కని రూల్. ఎడమలో చౌరస్తా నుంచి అవతలి రోడ్డుకు "కుడి" అని రాసిన ఒక ఎడ్జ్. ఉమ్మడిలో రెండు నోడ్లు. కుడిలో చౌరస్తా నుంచి కొత్త యూ-టర్న్ నోడ్‌కు ఒకటి, అక్కడి నుంచి అవతలి రోడ్డుకు ఒకటి. నోడ్ ఏదీ పోదు, ఎన్ని గల్లీలు తగిలి ఉన్నా నడుస్తుంది. అర కిలోమీటరు అదనంగా తిరిగేది మనమే, రూల్ కాదు.

అసలు ఏదీ తీయని రూల్ ఇంకో రకం ప్రమాదం. ఒకచోటి నుంచి రెండో చోటికి, అక్కడి నుంచి మూడో చోటికి దారి ఉంటే మొదటి నుంచి మూడో దానికి ఎడ్జ్ వేయి అన్నారనుకోండి, వేసిన ఎడ్జే మళ్లీ మళ్లీ వేస్తూ పోతుంది. "ఆ ఎడ్జ్ అప్పటికే లేకపోతేనే" అని షరతు తగిలించాలి, దీన్ని నెగటివ్ అప్లికేషన్ కండిషన్ అంటారు. అప్పుడు మెట్రో గ్రాఫ్ మీద ఇంజెక్టివ్‌గా నడిపితే 56ను 55తో గుణిస్తే వచ్చే 3,080 ఎడ్జ్‌ల దగ్గర ఆగుతుంది.

నోడ్ మీద లేబుల్ మార్చాలన్నా జాగ్రత్త. "తెరిచింది" అన్న నోడ్‌ను "మూసింది" చేయాలంటే మామూలు డీపీఓలో ఆ నోడ్‌ను తీసి కొత్తది పెట్టాలి, వెంటనే దాని ఎడ్జ్‌లన్నీ వేలాడతాయి. అందుకే లేబుల్‌ను నోడ్‌లో కాకుండా దాని మీద ఒక లూప్ ఎడ్జ్‌గా పెట్టుకుంటారు. లూప్ తీసి ఇంకో లూప్ పెడితే సరి.

వేగం సంగతి: ఒక గ్రాఫ్ ఇంకోదాంట్లో ఉందా అని వెతకడం సాధారణంగా ఎన్పీ-కంప్లీట్, అంటే ఎప్పుడూ వేగంగా తేల్చే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకని రకం. కానీ రూల్ చిన్నదిగా, మారకుండా ఉంటే అంత భయం అక్కర్లేదు. మూడు నోడ్లను గుడ్డిగా ప్రయత్నిస్తే 56 ఘనం, 1,75,616 సార్లు. నడుమ నోడ్‌తో మొదలుపెట్టి ఎడ్జ్‌ల వెంట పోతే దొరికేది పైన చెప్పిన 122 మ్యాచ్‌లే, వెతుకులాట దాదాపు అక్కడితో అయిపోతుంది.

చేత్తో రెండు రూల్స్ నడిపాక టూల్ పట్టుకోండి, ముందు కాదు. నాకు నచ్చింది ట్వెంటే యూనివర్సిటీలో పుట్టిన గ్రూవ్. అందులో మూడు గ్రాఫులూ ఒకే బొమ్మలో గీస్తారు: పోయేవి నీలం గీతలు, వచ్చేవి ఆకుపచ్చ, ఉండకూడనివి ఎరుపు, ఉమ్మడివి నలుపు. అయితే అది మొదట ఎస్పీఓ లెక్కనే నడుస్తుంది. వేలాడే ఎడ్జ్ తనిఖీ, ఇంజెక్టివ్ మ్యాచ్ రెండూ సెట్టింగుల్లో మీరే ఆన్ చేయాలి, లేకపోతే అమీర్‌పేట నిశ్శబ్దంగా మాయమవుతుంది. క్రిటికల్ పెయిర్లు కావాలంటే బెర్లిన్ వాళ్ల ఏజీజీ. ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్స్ మీద పనిచేసేవాళ్లకు హెన్షిన్.

ఒక పని మీకు వదిలేస్తున్నాను. మొదట్లో రెండు పరేడ్ గ్రౌండ్లను ఒకే నోడ్ చేశాం కదా, ఇప్పుడు విడదీయండి. 57 నోడ్లు, పట్టాల ఎడ్జ్‌లకు "రైలు" అని లేబుల్, ఆ రెండు స్టేషన్ల మధ్య మాత్రం "నడక" అని ఒక జత. రూల్‌లో "రైలు" ఎడ్జ్‌లే రాయండి. ఈసారి కూడా 49 అడుగులే పడతాయి, 8 నోడ్ల దగ్గర ఆగుతుంది. బ్లూ లైన్ పరేడ్ గ్రౌండ్‌కు రైలు పక్కలు రెండే అయినా ఎందుకు పోలేదో కాగితం మీద గీసి చూడండి, నడక ఎడ్జ్‌ను కూడా రెండు దిక్కులా గీయాలి సుమా.